వరస మార్చని పరీక్ష

నాకు శాలువా కప్పిన రోజున మా కేంద్రం హాల్లో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "ఈ రాజు గారి సేతిలో ఏ పిల్లడూ ఫెయిలవలేదండి. అంత మంచి సెయ్యి ఆయనది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్న మనిషి అంతకంటే ఏం చేయగలడు.

తీరిగ్గా ఆలోచిస్తే ఆ పొగడ్త సంగతి అర్థమైంది. ఒక బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు సన్మానం చేసి, "ఈయన చేతిలో ఏ లారీ ఫెయిలవలేదు" అని చెప్పారనుకోండి. ఆ ఊళ్లో మీరు రోడ్డు దాటుతారా? నేను దాటను. కానీ అనకాపల్లిలోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ నాకు ఆ మంచి పేరు ఇంకా ఉంది. దాన్ని చెడగొట్టుకోవడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే మరీ మంచిది.

నేను అరవై దాకా ఆగకుండా యాభై నాలుగేళ్లకే ఉద్యోగం మానుకున్నాను, ఆ శాలువా అప్పటిదే. ఈ ఉద్యోగంలో ముందు మోకాళ్లు రిటైరవుతాయి, మనిషి తర్వాత. రోజంతా నేల మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చునే పని. మీరు కుర్చీలో కూర్చుని చేస్తున్నారంటే తప్పుగా చేస్తున్నారని అర్థం.

బుర్ర పరీక్ష

మాది ఒక ట్రస్టు నడిపే కేంద్రం. కింద హాలు, పైన రెండు గదులు. మాట రాని, పిలిస్తే పలకని, వయసుకు తగ్గట్టు ఆడుకోని చిన్నపిల్లల్ని అక్కడికి తెచ్చేవారు. మొదటి గదిలో నేను చూసేవాణ్ని. నాకు అనుమానం వస్తే, వారానికోసారి విశాఖ నుంచి వచ్చే డాక్టరు గారి దగ్గరికి పంపేవాణ్ని. ఆవిడ చూశాక చెవి పరీక్ష, మాట శిక్షణ, ఏది అవసరమైతే అది. నాకు అనుమానం రాకపోతే పిల్లాడు ఇంటికి వెళ్లిపోయేవాడు. గేటు దగ్గరి మనిషిని నేను. గేటు మనిషి నిద్రపోతే లోపల ఎంత గొప్ప డాక్టరున్నా ఒకటే.

బోర్డు మీద ఇంగ్లీషులో పెద్ద పేరుండేది. ఊళ్లో మాత్రం "బుర్ర పరీక్ష" అనేవారు. పరీక్ష అన్నాక మనవాళ్లు ఊరుకుంటారా. పిల్లాడిని పెళ్లిచూపులకు తయారు చేసినట్టు తయారు చేసి తెచ్చేవారు. కొత్త చొక్కా, దాని మెడ దగ్గర గుచ్చుకునే చీటీ, బుగ్గన చుక్క, నుదుటన ఉప్మాక గుడి వెంకన్న బొట్టు. పిల్లాడు కూర్చున్నంతసేపూ మెడ గోక్కుంటూనే ఉండేవాడు. అలాంటి రోజు నేను చూసింది వాడి ఎదుగుదలను కాదు, కొత్త చొక్కా మీద వాడి కోపాన్ని.

క్రైస్తవ కుటుంబాలు ప్రార్థన చేయించుకుని వచ్చేవి. ఒక కుటుంబమైతే పాస్టరు గారినే వెంటబెట్టుకొచ్చింది. నేను ప్రశ్న అడిగినప్పుడల్లా ఆయన కళ్లు మూసుకునేవాడు. ఆయన్ని చూసి పిల్లాడూ మూసుకునేవాడు. ఆయన ఒక కన్ను తెరిచి చూస్తే వాడూ ఒక కన్ను తెరిచి నవ్వేవాడు. ఎదుటి మనిషి మొహం చూసి, వాళ్లు చేసింది చేసి, అది ఆట అని తెలిసి నవ్వే పిల్లాడి గురించి నేను పెద్దగా బెంగపడను. మాట కాస్త ఆలస్యమైందంతే. పాస్టరు గారు మాత్రం అది తన ప్రార్థన బలమేనని ఈనాటికీ నమ్ముతున్నారు. ఒక రకంగా నిజమే.

ఆ గదిలో నిజంగా చూసేవి ఇలాంటివే. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా. ఆకాశంలో ఏదైనా వెళుతుంటే వేలు పెట్టి అమ్మకు చూపిస్తాడా. బొమ్మ దొరికితే తెచ్చి, చూడు అన్నట్టు మొహం చూస్తాడా. ఖాళీ గిన్నెతో బొమ్మకు అన్నం పెడతాడా. కొత్త మనిషిని చూసి బెదిరితే ఎవరి వైపు పరిగెడతాడు. వీటిలో ఏదీ ముందురోజు కూర్చోబెట్టి నేర్పితే వచ్చేది కాదు. ముక్కెక్కడ, చెవెక్కడ అని అడగడం, చెక్క బ్లాకులు పేర్చమనడం కూడా ఉండేవి. అవి కూరలో కరివేపాకులాంటివి. మనవాళ్లు కరివేపాకునే కూర అనుకున్నారు. అలా అనుకునేలా చేసింది నేను.

సిలబస్ బయటికి పొక్కిన విధం

ఒకసారి ఒక తల్లి మా మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. లోపల ఏం అడుగుతారో, పిల్లాడు ఏం చెబుతాడో అని భయం. నాకు జాలేసి, "ఏముందమ్మా, ముక్కు చూపించమంటాం, చెవి చూపించమంటాం, నాలుగు బ్లాకులు పేర్చమంటాం, అంతే" అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని వెళ్లి, పిల్లాడికి అవన్నీ నేర్పి, మళ్లీ వచ్చింది. ఆవిడ తన చెల్లెలికి చెప్పింది. చెల్లెలు ఊరికి చెప్పింది.

కొన్నాళ్లకు గవరపాలెంలో ఒక ట్యూషన్ టీచరమ్మ ఎల్‌కేజీ సీట్లతో పాటు మా బుర్ర పరీక్షకు కూడా కోచింగ్ మొదలుపెట్టింది. మెయిన్ రోడ్డులో ప్లాస్టిక్ సామాన్ల షాపతను బ్లాకులు అడిగినవాళ్లను, "ఆడుకోడానికా, పరీక్షకా?" అని అడిగేవాడు. పరీక్షకైతే చెక్కవి ఇచ్చేవాడు. అనకాపల్లి పిల్లలకు మూడేళ్లు నిండకుండానే పోటీ పరీక్ష రాసిన ఘనత మా కేంద్రం వల్లే వచ్చింది.

నేను ఏం చేయాలి? మర్నాటి నుంచి ముక్కూ చెవీ మానేయాలి. మానలేదు. పిల్లలు టకటకా చూపిస్తుంటే పని తొందరగా అయ్యేది. తల్లిదండ్రులు నవ్వుతూ వెళ్లేవారు. నాకు దండాలు పెట్టేవారు. దండం అలవాటైన మనిషికి ప్రశ్న మార్చడం కష్టం.

మా ట్రస్టు సెక్రటరీ గారి గురించి ఒక మాట. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. దురుద్దేశం లేదు, ఉద్దేశమే లేదు. కింద హాల్లో "నవ్వుల గోడ" అని ఒకటి పెట్టించి, పాసైన పిల్లల ఫొటోలు కుటుంబంతో సహా అంటించేవారు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే ముందు ఆ గోడే చూపించేవారు.

ఒకసారి నేను వరసగా నలుగురు పిల్లల్ని డాక్టరు గారి దగ్గరికి పంపితే పిలిచి, "రాజూ, ఏడుస్తూ మెట్లు దిగినవాళ్లు మళ్లీ ఎక్కరయ్యా" అన్నారు.

"ఎక్కకపోతే నష్టపోయేది మనం కాదు సార్, పిల్లాడు" అనాలి నేను. ఆ మాట నాకు తట్టడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం "అలాగే సార్" అన్నాను. కొత్తగా చేరే మీకు చెప్పేది ఏమిటంటే, చెడ్డ బాసును గుర్తుపట్టడం తేలిక. ఎప్పుడూ శుభవార్తే కావాలనే బాసును గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే ఆయన దగ్గర మనకు హాయిగా ఉంటుంది.

వరసలో అడగండి బాబూ

సన్యాసినాయుడు గారు ఎస్. రాయవరం దగ్గర చెరకు రైతు. సెక్రటరీ గారికి తెలిసినవాళ్ల ద్వారా వచ్చారు. వెంట మనవడు జశ్వంత్, మూడేళ్లు దాటినవాడు. వెనకాల కోడలు దేవి. ఆవిడ భర్తది అచ్యుతాపురం వైపు కంపెనీలో షిఫ్టు డ్యూటీ, రాలేదు. నాయుడు గారు పిల్లాడిని నా ముందు కూర్చోబెట్టి, తను కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. దేవి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఈడికి మాటలు తక్కువ బాబూ. బుర్ర మాత్రం పాదరసం. మీరే సూడండి" అన్నారు.

నేను "జశ్వంత్" అని పిలిచాను. వాడు ఫ్యాను నీడ నేల మీద తిరుగుతుంటే దాన్నే చూస్తున్నాడు. మళ్లీ పిలిచాను.

"పేరెట్టి పిలిత్తే పలకడు బాబూ, మొండోడు. నేరుగా ప్రశ్నల్లోకి ఎల్లిపోండి" అన్నారు నాయుడు గారు.

"కన్ను ఏది నాన్నా?" అన్నాను. వాడు నీడ మీంచి చూపు తిప్పకుండానే వేలితో ముక్కు ముట్టుకున్నాడు.

"బొజ్జ ఏది?" అన్నాను. చెవి ముట్టుకున్నాడు.

నాయుడు గారు కోర్టులో ప్లీడరులా చెయ్యెత్తారు. "ఆగండాగండి. వరస మార్చేత్తన్నారు మీరు. ముక్కు, సెవి, కన్ను, బొజ్జ. మాకు అలాగ సెప్పేరు, ఆడికి అలాగే నేర్పేం. వరసలో అడగండి బాబూ. పిల్లడు తికమకపడిపోతాడు."

పరీక్ష అక్కడితో అయిపోయింది నిజానికి. వాడికి నా మాట అర్థం కావడం లేదు, నేను మనిషినన్న పట్టింపు కూడా లేదు, ఒక గొంతు వినబడితే ఒక వేలు కదులుతోంది. ఇది తెలుసుకోవడానికే కదా నాకు ఉద్యోగం ఇచ్చింది. ఆయన నోటితోనే నాకు కావలసింది చెప్పేశారు. ఇక నేను చేయాల్సిందల్లా ఆయన కుర్చీని గది బయట వేయించి, దేవిని నేల మీద కూర్చోమని, మొదటి నుంచి అడగడం.

కానీ నాయుడు గారు సెక్రటరీ గారి తాలూకు మనిషి. హాల్లో ఇంకా జనం ఉన్నారు. అన్నిటికీ మించి ఆయన సంచిలోంచి లడ్డూల ప్యాకెట్టు కనబడుతోంది. ఫలితం రాకముందే లడ్డూలు కొన్న మనిషిని ఓడించే ధైర్యం నాకు లేకపోయింది.

వరసలో అడిగాను. ముక్కు, చెవి, కన్ను, బొజ్జ. నాలుగూ ఒప్పే. బ్లాకులు కూడా పేర్చాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి, కూలిపోతే చూడకుండా మళ్లీ పెట్టాడు. "ఏం పర్లేదు నాయుడు గారూ, బాగానే ఉన్నాడు" అన్నాను.

"నేను ముందే సెప్పేను గదా" అని ఆయన లడ్డూలు తీశారు. మొదటిది నాకే ఇచ్చారు. తిన్నాను.

వాళ్లు దిగుతుంటే దేవి మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "సార్, ఒక్క మాట. ఈడికి నీళ్లు కావాలంటే నా సెయ్యట్టుకుని లాక్కెల్లి బిందె మీద ఎట్టేత్తాడు. నా మొకం సూడడు. ఇది కావాలని ఏలెట్టి సూపించడు. నేను పక్కింటికి ఎల్లిపోయినా ఎతకడు. ఇది మొండితనమేనా సార్?"

ఇంత చక్కగా, ఇంత తక్కువ మాటల్లో పిల్లాడి పరిస్థితి చెప్పిన తల్లిని నేను చూడలేదు. నేను రాయాల్సిందంతా ఆవిడ చెప్పేసింది. దానికి నా జవాబు ఇది: "మగపిల్లలకు మాట ఆలస్యంగానే వస్తుందమ్మా. మీరు ఫోన్ చూడటం తగ్గించి, వాడితో ఎక్కువ మాట్లాడండి."

ఆవిడ చేతిలో ఫోన్ లేదు. ఆవిడ ఫోన్ చూస్తుందని నాకెవరూ చెప్పలేదు. మేం ఆ మాట అందరు తల్లులకూ చెబుతాం, బస్సులో "ముందుకు జరగండి" అన్నట్టు.

కింద మెట్ల దగ్గర నుంచి నాయుడు గారు తలెత్తి, "ఇన్నావా? సార్ ఏటన్నారో ఇన్నావా?" అన్నారు.

చదువుకున్నవాళ్ల సంగతి

పల్లెటూరి రైతు కాబట్టి ఇలా జరిగిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చదువుకున్నవాళ్లు ఇంకా పెద్ద పరీక్షకు తయారు చేసి తెచ్చేవారు. ఒక లెక్చరరు గారి పాప ఏ నుంచి జెడ్ దాకా, జెడ్ నుంచి ఏ దాకా చెప్పేది, దేశాల జెండాలు చూపిస్తే పేర్లు చెప్పేది. "ఇంత మెమరీ ఉన్న పిల్లకు ప్రాబ్లం ఎలా ఉంటుందండీ? మా అమ్మ ఊరికే గొడవ చేస్తే వచ్చాం" అన్నాడు తండ్రి.

"పాప మిమ్మల్ని ఏమని పిలుస్తుందమ్మా?" అని తల్లిని అడిగాను.

ఆవిడ భర్త వైపు చూసింది. భర్త గోడ మీది బొమ్మ వైపు చూశాడు. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. ఆ పాపను డాక్టరు గారి దగ్గరికి పంపాను. లెక్చరరు గారు కిందకి దిగి సెక్రటరీ గారికి నా మీద ఫిర్యాదు చేశాడు, ఆ కోపంతోనే విశాఖ వెళ్లాడు, అక్కడా అదే మాట చెబితే దారికొచ్చాడు. పాపకు సమయానికి సాయం అందింది.

ఇదెందుకు చెబుతున్నానంటే, ఇది జశ్వంత్ రావడానికి ముందు జరిగింది. నాకు పని రాక తప్పు చేశానని ఎవరైనా నన్ను వెనకేసుకు రావచ్చు. అక్కర్లేదు. నాకు పని వచ్చు. లెక్చరరు గారి తరఫున సిఫారసు లేదు, లడ్డూలు లేవు.

ఏమీ నేర్పని పిల్లాడు

జశ్వంత్ ఐదేళ్లకు దగ్గరపడుతుండగా దేవి మళ్లీ వచ్చింది. ఈసారి మామగారు లేరు. పుట్టింటికని చెప్పి బస్సెక్కిందట. పిల్లాడికి మాసిన నిక్కరు, పొద్దున తిన్న చట్నీ మరక ఉన్న చొక్కా. బడిలో వేస్తే రెండు వారాలకే, వీడు కూర్చోడు, అరుస్తాడు, తీసుకుపొమ్మన్నారట.

"ఈ రోజు ఎవులూ ఏటీ నేర్పలేదు సార్. మొకం కూడా కడగలేదు. ఉన్నోడిని ఉన్నట్టు సూడండి" అంది.

బ్లాకులు తీయలేదు. నేల మీద కూర్చుని ఊరికే చూశాను. వాడు తలుపు గడియను పైకీ కిందకీ ఆడిస్తూ ఉండిపోయాడు. దేవి పిలిచింది, నేను పిలిచాను, చప్పట్లు కొట్టాను. చప్పుడైతే ఉలిక్కిపడ్డాడు, మనిషి వైపు తిరగలేదు. దాహమేస్తే వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి నా సీసా మీద పెట్టాడు. మొహం చూడలేదు. ఆవిడ ఒకటిన్నర సంవత్సరం కింద మెట్ల మీద చెప్పింది నా గదిలో నా కళ్లముందు ఒక్కటి తప్పకుండా జరిగింది.

"అమ్మా, ఇది మొండితనం కాదు. వీడికి మాట, మనుషులతో కలవడం, రెండిట్లోనూ సాయం కావాలి. డాక్టరు గారు చూసి దాని పేరు చెబుతారు. చెవి పరీక్ష కూడా చేయించాలి. ఇది అప్పుడే చెప్పాల్సింది. నేను చెప్పలేదు" అన్నాను.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. నీళ్ల గ్లాసు కూడా దగ్గర పెట్టాను.

"అయితే నాకు పిచ్చి కాదన్నమాట" అంది.

ఏమిటమ్మా అది అంటే చెప్పింది. నేను పాస్ అన్న రోజు నుంచి ఇంట్లో పిల్లాడి మీద అనుమానం పోయి ఆవిడ మీదికి మళ్లింది. సారే బాగున్నాడన్నారు కాబట్టి తప్పు పెంపకంలో ఉండాలి. ఫోన్ లాక్కున్నారు. పిల్లాడు పలకనప్పుడల్లా, "సార్ సెప్పినట్టు మాటాడతన్నావా?" అనేవారు. రోజంతా వాడితో మాట్లాడేది. గోడతో మాట్లాడినట్టుండేది. వాడు తేడాగా ఉన్నాడని మళ్లీ అంటే, బిడ్డకు లేని రోగం అంటగట్టే తల్లి ఎక్కడైనా ఉంటాదా, దీనికే ఏదో పట్టిందని, గొలుగొండ వైపు ఎవరో మంత్రించే మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిణ్ని, పిల్లాడిని కాదు. "ఏపమండలతో కొట్టేరు సార్. కొడతన్నంతసేపూ ఈడు ఆ మండల నీడ సూత్తన్నాడు" అంది.

మేం పిల్లాడికి మాత్రమే ఫలితం చెబుతామనుకుంటాం. ఆ ఫలితం ఇంటికెళ్లాక ఎవరి మీద అమలవుతుందో ఎవరూ మాకు చెప్పరు. మేమూ అడగం.

"మా ఇంటికొచ్చి ఈ మాట అక్కడ సెప్పండి సార్. నేను సెప్తే నమ్మరు" అంది. ఆవిడ సాయం అడగడం లేదు. నా వల్ల పోయింది తెచ్చి ఇమ్మంటోంది.

సెక్రటరీ గారికి చెబితే, "ఇప్పుడు మనమే తప్పన్నామని తెలిస్తే ట్రస్టు పేరేం కావాలి?" అన్నారు. మర్నాడు చూస్తే నవ్వుల గోడ మీద జశ్వంత్ ఫొటో లేదు. ఈ వ్యవహారంలో ఆయన చేసిన దిద్దుబాటు అదొక్కటే.

నాయుడు గారి ఇంటి దగ్గర

ఆ ఆదివారమే వెళ్లాను. నాయుడు గారు వాకిట్లో మంచం వేయించి, కాఫీ ఇప్పించి, చుట్టుపక్కలవాళ్లకు, "మావోడిని పాస్ సేసిన సార్ ఈయనే" అని నన్ను పరిచయం చేశారు. దేవి భర్త షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. దేవి అతని వెనక నిలబడింది. ఇంతమంది ముందు చెప్పాలా అనిపించింది. ఇంతమంది ముందే కదా ఆవిణ్ని అన్నారు.

చెప్పాను. పిల్లాడికి ఏం రావడం లేదో, ఏం చేయించాలో చెప్పాను. ఇందులో తల్లి తప్పు లేదని, ఫోన్ మాట నేను ఊరికే అన్నానని, మొదట కనిపెట్టింది ఆవిడేనని చెప్పాను.

నాయుడు గారు కొడుకు వైపు, కోడలి వైపు చూశారు. తర్వాత, "బాబూ, ఆ రోజు సెప్పింది అబద్దమా, ఈ రోజు సెప్పేది అబద్దమా? ఏదో ఒకటి తేల్చండి" అన్నారు.

"ఆ రోజుది" అన్నాను.

పక్కింటాయన నవ్వు ఆపుకోలేక, "అయితే బావా, అప్పుడు తిన్న లడ్డూలు కక్కాలన్నమాట" అన్నాడు. నాయుడు గారు అతని వైపు చూడలేదు.

"వరస మార్చొద్దని నేనన్నాను. నిజమే. నేను సెరుకేసుకునేవోణ్ని, మనవడు గెలవాలని అన్నాను. నేనంటే మటుకు మీరెందుకు మానేసేరు? అక్కడ కూకున్నది మీరు గదా."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను మా పై అధికారి ఎవరూ ఇంత సరిగ్గా మందలించలేదు. "భయపడ్డాను నాయుడు గారూ" అన్నాను.

ఆయన కోడలికి క్షమాపణ చెప్పలేదు. అలాంటివి మన ఇళ్లలో జరగవు. గుమ్మంలో ఉన్న కొడుకుతో, "ఒరే, సోమారం సెలవెట్టు. ఆ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురూ ఎల్లండి. దేవి ఏటి సెప్తే అది సెయ్యి" అన్నారు. ఆఖరి మాట విని ఆ కొడుకు తండ్రి వైపు ఆశ్చర్యంగా చూశాడు.

జశ్వంత్‌కు చెవులు బాగానే ఉన్నాయి. మిగతావాటికి డాక్టరు గారు చెప్పినట్టే శిక్షణ నడుస్తోంది. మూడేళ్లకే మొదలైతే ఎంత వచ్చేదో ఎవరూ చెప్పలేరు, నన్ను ఓదార్చడానికి కొందరు "అప్పుడైనా ఇంతే" అంటారు. నమ్మను. ఈమధ్య వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడట. ఎక్కువగా తాత బీడీ కట్ట వైపు చూపిస్తున్నాడని, ఆయన దాచుకోవలసి వస్తోందని దేవి ఫోన్‌లో చెప్పింది. ఫోన్ తిరిగి ఇచ్చారన్నమాట.

వెతకండి

ఆ ఆదివారం నన్ను రోడ్డు దాకా సాగనంపడానికి దేవి వచ్చింది. పిల్లాడు ఆవిడ కొంగు పట్టుకుని నడుస్తున్నాడు. ఆటో వచ్చేలోపు అడిగింది.

"ఇలాగ ఇంకెంతమందిని పాస్ సేసేరు సార్?"

"తెలీదమ్మా" అన్నాను.

"అయితే ఎతకండి" అంది. ఆటో ఎక్కమన్నట్టు పక్కకు జరిగింది.

శాలువా సన్మానం దీని తర్వాతే జరిగింది. ఆ హాల్లోనే ఈ మాటలు చెప్పి ఉండాల్సింది. అక్కడా భయపడ్డాను. అలవాటు ఒక్క ఆదివారంతో పోదు.

ఇప్పుడు నాకు తీరికే. గుర్తున్న ఇళ్లకు వెళుతున్నాను. మీ దగ్గరికి ఎవరైనా ఒకప్పుడు నా దగ్గర పాసైన పిల్లాడిని తీసుకొస్తే, నా మాటను లెక్కలోకి తీసుకోకండి. మొదటి నుంచి చూడండి. తాతను బయట కూర్చోబెట్టండి. తల్లి చెప్పేది ముందు వినండి. ఇంటికెళ్లాక ఎవరిని ఏమంటారో కూడా అడగండి. ఇంతకంటే నా దగ్గర మీకిచ్చే పాఠం లేదు.

వెళ్లిన ఇళ్లలో చాలాచోట్ల మజ్జిగ ఇస్తున్నారు. చిరునవ్వుతో పంపేస్తున్నారు. గత వారం ఒక ఊళ్లో ఒక నాయనమ్మ తలుపు సగం తీసి నిలబడింది. ఆవిడ వెనక నేల మీద ఒక గుంటడు ప్లాస్టిక్ గిన్నె బోర్లించి తిప్పుతున్నాడు.

"మావోడు మీ దగ్గరే పాసయ్యేడు గదా బాబూ. మీ పేరే సెప్పుకుంటాం" అంది.

"ఒక్కసారి వాణ్ని పేరెట్టి పిలవండమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వుతూ పిలిచింది. వాడు గిన్నె తిప్పుతూనే ఉన్నాడు. గొంతు పెంచి మళ్లీ పిలిచింది. గిన్నె ఆగలేదు. మూడోసారి పిలవడానికి నోరు తెరిచి, పిలవకుండా వాడి వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత తలుపు రెండో రెక్క కూడా తీసి, "లోనికి రండి బాబూ" అంది.